ముందు లోపాలు రాయి

ఆ ఏడాది మొదటి వానకే నా కాలు విరిగింది. దుకాణం ముందు మెట్ల మీద, చేతుల్లో ఒక రాగి కూజా పట్టుకుని దిగుతూ జారాను. చప్పుడు విని అక్క లోపల్నుంచి వచ్చి ముందు కూజాని అటూ ఇటూ తడిమింది, దానికేమీ కాలేదని తేల్చుకున్నాక నా సంగతి అడిగింది. ఆస్పత్రిలో కట్టు వేస్తున్నంతసేపూ ఈ మాట చెప్పి నర్సుల్ని నవ్వించాను. డాక్టరు మాత్రం నవ్వలేదు. వానలు తగ్గేదాకా మెట్ల జోలికి పోవద్దన్నాడు.

మా ఇల్లంటే కింద దుకాణం, పైన రెండు గదులు, మధ్యలో నిట్టనిలువు చెక్కమెట్లు. పక్క సందులో ఫోటో స్టూడియో నడిపే ఆయనా, ఆస్పత్రి మనిషీ కలిసి నన్ను కుర్చీతో సహా పైకి మోసి కిటికీ పక్కన దించారు. కిటికీలోంచి ఎదురింటి గోడ, ఒక కరెంటు తీగ, తీగకి వేలాడే నీటిబొట్లు కనిపించేవి. ఆ వానాకాలమంతా నా లోకం అంతే.

అక్కది పాత సామాన్ల దుకాణం. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు, పోయినవాళ్ళ గదులు సర్దేవాళ్ళు తెచ్చి ఇస్తే కొంటుంది. కొనుక్కోడానికి దుకాణంలోకి మనుషులు రావడం ఎప్పుడో తగ్గిపోయింది. అందుకని అన్నీ ఆన్‌లైన్ వేలంలో పెట్టేవాళ్ళం. వస్తువుని పరీక్షించడం అక్క పని. దాని గురించి నాలుగు ముక్కలు రాయడం నా పని. ఫోటోలు తీసేది ఆ స్టూడియో ఆయనే.

దుకాణానికి రాకముందు నేను ఇళ్ళు కట్టి అమ్మేవాళ్ళ దగ్గర కరపత్రాలు రాసేవాణ్ణి. మురిక్కాలవ పక్కన కట్టిన ఇంటిని పట్టుకుని, కిటికీ తీస్తే జలదృశ్యం అని రాసిన చెయ్యి నాది. ఇక్కడ మొదటిసారి ఒక గోడగడియారం గురించి 'అపురూపమైన, కళాత్మకమైన' అని ఎత్తుకున్నాను. అక్క నా భుజం మీంచి తొంగి చూసి, ఇంతకీ అది నడుస్తుందా అని అడిగింది. నడవదన్నాను.

"అయితే ముందు అది రాయి," అంది. "ముందు లోపాలు రాయి. తర్వాత కొలతలు. బరువెంత, దేంతో చేశారు, మూత పెడితే ఎలా చప్పుడవుతుంది. ఇంకా చోటు మిగిలితే అప్పుడు అందం. అందం ఎవడి కళ్ళకి వాడికే కనపడుతుంది, దానికి నువ్వెందుకు."

నాకు చిర్రెత్తుకొచ్చింది కానీ అలాగే రాశాను. విచిత్రం, అలా రాసినవాటికే పాట పెరిగేది. 'పిడి వదులు, పోసేటప్పుడు రెండో చెయ్యి ఆసరా కావాలి' అని రాసిన కెటిల్ కోసం ఇద్దరు పెద్దమనుషులు పంతానికి పోయి పాడారు. నెగ్గినాయన తర్వాత మాకు నక్షత్రాలు వేసి, కింద 'చెప్పింది చెప్పినట్టే ఉంది' అని రాశాడు. దాదాపు అందరూ అదే రాసేవాళ్ళు. అక్క బతుకులో సంపాదించుకున్నది ఏదైనా ఉంటే ఆ మాటే. అది పోయిన రోజున షట్టరు దించుకోవడమేనని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

ప్రతి వివరణకీ ఆఖరి వాక్యం మాత్రం ఎప్పుడూ ఒకటే: నచ్చకపోతే వాపసు తీసుకుంటాం. అది నేను వచ్చినప్పటినుంచీ కాదు, దుకాణం పెట్టినప్పటినుంచీ ఉంది. నా పెళ్ళి చెడిపోయి ఒక పెట్టె పట్టుకుని దుకాణం ముందు నిలబడ్డ రోజున అక్క నన్ను ఎగాదిగా చూసి, "వాపసు పంపిందా? సరే, మన పద్ధతి ఉందిగా, లోపలికి రా," అంది. అంతకుమించి ఓదార్పు నేను ఆవిడ దగ్గర ఆశించలేదు. అక్క పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, చూడొచ్చిన ప్రతివాడిలోనూ ఏదో ఒక మచ్చ కనిపించిందనేది. అంత నిశితమైన చూపు ఆవిడది. అద్దం ముక్కలో వెంట్రుకంత పగులుని గుమ్మం దగ్గర్నుంచే పట్టేసేది.

నా కాలు విరిగాక పని పద్ధతి మారింది. అంతకుముందు ప్రతి వస్తువునీ ఇద్దరం ఒక బల్ల దగ్గర కూర్చుని చూసేవాళ్ళం. ఇప్పుడు ఆవిడ కింద, నేను పైన. ఫోను బల్ల మీద పెట్టుకుని, వస్తువు చేతిలోకి తీసుకుని ఆవిడ చెప్తూ ఉంటే నేను టైపు చేసేవాణ్ణి. ఒకే ఇంట్లో ఉండి ఫోన్లో మాట్లాడుకునే అక్కాతమ్ముళ్ళం మేమేనేమో.

"గాజు గిన్నె," అనేది. "అంచు మీద పెచ్చు లేచింది, కందిగింజలో సగం. అడుగు వంకర, బల్ల మీద పెడితే ఊగుతుంది. ఒక పక్క మందం ఎక్కువ, ఇంకో పక్క పల్చన. గోటితో కొడితే సన్నగా మోగుతుంది, కాసేపు నిలుస్తుంది."

అంత వివరంగా ఆవిడ అంతకుముందెప్పుడూ చెప్పలేదు. నేను పక్కన లేని లోటు తెలియకూడదని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూస్తోందనుకున్నాను. రాసిందంతా చదివి వినిపించమనేది. ఆఖరి వాక్యం దాకా విని, ఊఁ, పెట్టెయ్, అనేది.

పగలంతా వాన, కంప్యూటరు, నేను. పొద్దున్నా మధ్యాహ్నం అక్క పళ్ళెం పట్టుకుని పైకి వచ్చేది. గోడకి చెయ్యి ఆనించి ఒక్కో మెట్టూ ఎక్కేది. నేను పడ్డాక ఆవిడకీ మెట్లంటే భయం పట్టుకుందనుకున్నాను. బల్ల అంచు వేళ్ళతో తడిమి, అక్కడ పళ్ళెం పెట్టి, తిను, అని వెళ్ళిపోయేది. కూర్చోమంటే కింద ఎవరూ లేరనేది. కింద ఎప్పుడూ ఎవరూ ఉండరు కదా అనేవాణ్ణి. అందుకే నేనుండాలి అనేది.

మాట్లాడే మనిషి లేక నేను కొనేవాళ్ళకి జవాబులు పొడుగ్గా రాయడం మొదలుపెట్టాను. దీపపు గాజులు పోగుచేసే ఒకాయన ఉండేవాడు. గాజు ఎత్తెంత అని ఆయన అడిగితే, ఎత్తు చెప్పి, ఇక్కడ వాన పడుతోంది, మీ దగ్గర ఎలా ఉంది అని కూడా రాశాను. ఆయన, కొలత తెలిపినందుకు కృతజ్ఞతలు అని మాత్రం రాశాడు. ఆ రోజంతా నాకు మొహం చెల్లలేదు.

గడ్డం పెంచడం కూడా అప్పుడే మొదలైంది. పెంచడమంటే, గీసుకోవడం మానేయడం. నా మొహాన ఎప్పుడూ గడ్డం లేదు. చొక్కా గుండీ ఒకటి ఊడినా మూడు రోజులు ఆటపట్టించే మనిషి, ఇది చూసి ఏమంటుందోనని ఎదురుచూశాను. సన్నాసుల్లో కలిసిపోయావా అంటుందనుకుని జవాబు కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. అక్క ఏమీ అనలేదు. వారాలు గడిచి గడ్డం మెడ మీదికి దిగింది, అయినా అనలేదు. నా మొహం వైపు చూసి కూడా మనిషిని గమనించడం మానేసిందంటే ఇంక నేను ఆ ఇంట్లో ఏమిటి, కుర్చీయా, బల్లా? నాకు నిజంగా బాధేసింది.

మొదట వాపసు వచ్చింది ఒక పింగాణీ పాలజగ్గు. కొన్నావిడ కోపంగా ఏమీ రాయలేదు. 'మూతి దగ్గర పెచ్చు గురించి రాశారు, లోపలంతా గోధుమరంగు మరక ఉంది, దాని గురించి రాయలేదు' అంది. ఫోటో కూడా పెట్టింది. గుడ్డివాడికి కూడా కనపడేంత మరక. అక్కకి ఫోన్లో చదివి వినిపించాను.  వాపసు తీసుకో, అంది.

తర్వాత బట్ట అతికించిన నగలపెట్టె వచ్చింది. ఒక పక్కంతా ఎండకి వెలిసిపోయింది. ఆ తర్వాత ఒక చెక్క పళ్ళెం. దాని మీద రంగు ఊడినచోట ఎవరో వేరే ఎరుపు పూశారు. పళ్ళెం కొన్నాయన నక్షత్రాలు తెగ్గోసి, కింద ఒక మాట రాశాడు: 'వీళ్ళు నిజాయితీపరులని చదివి కొన్నాను.'  ఆ మధ్యాహ్నం అక్క అన్నం తెచ్చినప్పుడు స్క్రీను ఆవిడ వైపు తిప్పి, చూడు, అన్నాను.

"నువ్వే చదువు. చేతులు తడిగా ఉన్నాయి," అంది.

చదవడానికి చేతులెందుకని అడగాలనిపించింది, అడగలేదు. చదివాను. ఆవిడ చీర కొంగుతో పొడి చేతులే తుడుచుకుంటూ విని, దిగి వెళ్ళిపోయింది.

ఫోటోల్లో ఆ మరకలు లేవు. పాతవన్నీ తీసి పెద్దవి చేసి చూశాను. జగ్గు లోపల తెల్లగా మెరిసిపోతోంది. పళ్ళెం మీద ఎరుపు ఒకటే ఎరుపు. ఇది స్టూడియో ఆయన నిర్వాకమేనని ఒక్క క్షణంలో అర్థమైంది. ఆయన వృత్తే అది. ముప్ఫై ఏళ్ళపాటు పెళ్ళివాళ్ళ మొహాల మీద మొటిమలూ, అమ్మవారు పోసిన గుంటలూ చెరిపి బతికాడు. ఇప్పుడు మొహాలు ఎవరి ఫోన్లో వాళ్ళే చెరుపుకుంటున్నారు. చెయ్యి ఊరుకోక మా జగ్గుల్ని తోముతున్నాడు.

మర్నాడు ఆయన్ని పైకి పిలిపించాను. గొడుగు మడిచి గుమ్మంలో పెట్టి, కాలు ఎలా ఉంది బాబూ అన్నాడు. కాలు సంగతి తర్వాత, జగ్గు సంగతి చెప్పమన్నాను. ఆయన దాచలేదు. కొంచెం టచింగ్ చేశానన్నాడు. మచ్చ కనపడితే వేలు ఆగదన్నాడు, మంచి వస్తువు మొహం మీద మచ్చ ఉంటే మనసొప్పదన్నాడు. ఇదివరకు కూడా చేశారా అని అడిగాను. ఎప్పుడూ చేస్తూనే ఉన్నానన్నాడు.

"మరి ఇదివరకు ఏ వస్తువూ వాపసు రాలేదే?"

"అక్కగారు పట్టేసేవారుగా," అన్నాడు ఆయన. "తీసిన ప్రతిదీ ఆవిడకి చూపించి తీరాలి. వస్తువు పక్కన పెట్టుకుని చూసేది. ఇక్కడ మరకేదయ్యా అని చెడామడా తిట్టేది. మళ్ళీ తీయించేది. ఈ మధ్య తిట్టడం లేదు బాబూ. చూపిస్తే బాగుందంటోంది. నా చెయ్యి బాగుపడిందేమో అనుకున్నాను."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో చిన్న గర్వం కూడా ఉంది. ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయాక నేను లెక్క కట్టుకున్నాను. మరక చెరిపిన ఫోటో అక్క చూసింది. మరక ఉన్న వస్తువు అక్క చేతిలోనే ఉంది. చూసి బాగుందంది. నాకు చెప్పేటప్పుడు పెచ్చులూ సొట్టలూ అన్నీ చెప్పి, మరక ఒక్కటే మింగేసింది. మిగతావన్నీ అంత పూసగుచ్చినట్టు చెప్పింది ఇది మింగడానికేనా? ఇన్నాళ్ళ పేరుని ఎరగా వేసి అమ్ముకుంటోందా? ఈ ఇంట్లో నేను నమ్మిన మనిషి ఒక్కతే, ఆ ఒక్కతీ ఇలా చేస్తే ఇంక నేనెవరితో ఉన్నట్టు?

మధ్యాహ్నం అక్క అన్నం తెచ్చినప్పుడు అడిగేశాను. మెల్లగా అడుగుదామనే అనుకున్నాను, నోరు పారేసుకున్నాను. జగ్గుతో మొదలుపెట్టి, చెక్క పళ్ళెం కొన్నాయన రాసిన మాట మళ్ళీ చదివి, నాకు లోపాలు రాయడం నేర్పి నువ్వు చేస్తున్నదేమిటి అన్నాను. "మరకలు కావాలనే దాచావా?"

అక్క బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది. వాన చూస్తున్నట్టు కిటికీ వైపు మొహం తిప్పింది.

"అవును," అంది. "దాచాను."

కాదంటుందనీ, ఒంటికాలి మీద లేస్తుందనీ, నన్ను నాలుగు తిడుతుందనీ ఎదురుచూసినవాణ్ణి. అవునంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. చల్లారిపోతోంది తిను అని చెప్పి ఆవిడ గోడ పట్టుకుని దిగిపోయింది.

ఆ తర్వాత మేము మాట్లాడుకున్నది వస్తువుల గురించి మాత్రమే. ఫోను మోగేది. 'ఇత్తడి దీపపుబుడ్డి, అడుగున సొట్ట' అని మొదలుపెట్టేది. నేను టైపు చేసేవాణ్ణి. వివరణల మొదట్లో నేనొక వాక్యం కొత్తగా చేర్చాను: 'ఇందులో మేము చెప్పని మరకలు ఉండవచ్చు.' కసితోనే చేర్చాను. చదివి వినిపించేటప్పుడు ఆ వాక్యం కొంచెం గట్టిగా, ఆగి ఆగి చదివాను.

"బాగుంది," అంది ఫోన్లోంచి. "అలాగే ఉంచు."

అంత సిగ్గులేకుండా ఎలా ఒప్పుకోగలుగుతోందా అనుకున్నాను. పాటలు పడిపోయాయి. చెప్పని మరకలున్న సరుకు ఎవడికి కావాలి. దీపపు గాజులాయన కూడా రాయడం మానేశాడు. పొద్దున లేస్తే కరెంటు తీగ, దాని మీద నీళ్ళు. పెళ్ళి చెడిపోయినప్పుడు కూడా నాకు ఇంత ఒంటరిగా అనిపించలేదు, అప్పుడు రావడానికి అక్క ఉండేది. కింద ఆవిడ కుర్చీ జరిపిన చప్పుడు, షట్టరు చప్పుడు వినపడుతూనే ఉండేవి. ఒక్కోసారి ఏ పనీ లేకుండా ఫోను చేద్దామా అనిపించేది. చెయ్యలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక కట్టు విప్పించుకునే రోజు వచ్చింది. స్టూడియో ఆయన భుజం మీద చెయ్యి వేసి మెట్లు దిగాను. దుకాణంలోంచే వెళ్ళాలి. అక్క ఏదో సర్దుతూ అటు తిరిగి ఉంది, నేనూ పలకరించలేదు. ఆస్పత్రిలో ఆ రోజు జనం లేరు. సాయంత్రం దాకా పడుతుందనుకున్నది మధ్యాహ్నానికే అయిపోయింది. కాలు వేరేవాళ్ళది తెచ్చి తగిలించినట్టు సన్నగా, పాలిపోయి ఉంది. చేతికో కర్ర ఇచ్చారు. సందు మొదట్లో స్టూడియో ఆయన తన దారిన తను వెళ్ళిపోయాడు. నేను కర్ర పొడుచుకుంటూ దుకాణం మెట్లెక్కాను.

బయట మబ్బు పట్టి ఉంది. లోపల ఇంకా చీకటి. బల్ల పైన వేలాడే దీపం అక్క వెయ్యలేదు. ఆ మసకలోనే కూర్చుని ఒక రేకు డబ్బా పరీక్షిస్తోంది. మూత అంచు చుట్టూ బొటనవేలు నెమ్మదిగా నడిపిస్తోంది. ఒకచోట ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ నడిపిస్తోంది. గోటితో అడుగు మీద కొట్టి వింది. మూత తీసి వాసన చూసింది. చెంపకి ఆనించుకుంది. డబ్బా వైపు ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదు.

నా కర్ర నేల మీద చప్పుడు చేసింది. అక్క తలెత్తింది. ఆవిడకీ నాకూ మధ్య బల్ల ఒక్కటే అడ్డం. నా మొహం వైపే తిరిగి నవ్వింది.

"రండి," అంది. "కుర్చీ ఆ పక్కనే ఉంది, కూర్చోండి. మెట్లు జారుతున్నాయి, జాగ్రత్తగా వచ్చారా? ఏదైనా తెచ్చారేమిటి? తెస్తే ఇలా బల్ల మీద పెట్టండి, నేను చూస్తాను. వేలంలో పెట్టే సంగతి మా తమ్ముడు చూసుకుంటాడు. కాలు విరిగి పైన ఉన్నాడు పాపం. వాడు రాశాడంటే వస్తువు మీ ఎదురుగా ఉన్నట్టే ఉంటుందండీ. నేను రోజూ చదివించుకుంటాను."

నా గురించి అక్క ఎవరికైనా మంచిమాట చెప్పగా నేను వినడం అదే మొదలు.  ఆవిడ జవాబు కోసం తల కొంచెం పక్కకి వంచి చూస్తోంది. చూస్తోందనే నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను.

"అక్కా," అన్నాను. "నేనే."

బొటనవేలు డబ్బా అంచు మీద ఆగిపోయింది.

"నీ నడక మారింది," అంది.

బయట ఎవరో సైకిలు మీద బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. అక్క డబ్బా పట్టుకున్న చెయ్యి చాపింది, నేనున్న వైపు కాదు, నాకు కాస్త ఎడంగా. "దీని మీద మరకలేమైనా ఉన్నాయా? చూసి చెప్పు," అంది.

అందుకున్నాను. మూత మీద అరచెయ్యంత సిరా మరక ఉంది. చెప్పాను.

"అంతుందా," అంది అక్క.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆవిడ తనంతట తనే చెప్పింది, వస్తువు లోపాలు చెప్పినట్టే, గొంతు మారకుండా. కళ్ళ ముందు మధ్యలో మసక మొదలై చాలా రోజులైందట. ఎండాకాలంలో ఒక్కతే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిందట. పోయింది తిరిగి రాదు, అంచుల్లో ఉన్నదాన్ని కాపాడుకోవాలి అన్నాడట. గుమ్మం ఎక్కడుందో తెలుస్తుంది, మనిషి వచ్చాడని తెలుస్తుంది. మొహాలు తెలియవు. రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. నేను కాలు విరగ్గొట్టుకున్న రోజున ప్రాణం లేచొచ్చిందంది. పైన కదలకుండా ఉంటాను కాబట్టి ఒక వానాకాలం గడిచిపోతుందనుకుందట. వేళ్ళతోనే నెట్టుకురావచ్చనుకుందట. మరకలు వేళ్ళకి అందవని జగ్గు వాపసు వచ్చాక గానీ ఒప్పుకోలేకపోయిందట.

"మరి దాచానని ఎందుకన్నావు?" అని అడిగాను.

"నన్ను దొంగ అనుకుంటే నువ్వు అలుగుతావు," అంది. "నీ అలక నాకు చిన్నప్పట్నుంచీ అలవాటే. కనపడదని తెలిస్తే జాలిపడతావు. అది నేను పడలేను."

జాలి కాదని చెప్పబోయాను. కానీ ఆవిడకి చెవులు బాగానే పనిచేస్తున్నాయి, గొంతులోనే పట్టేస్తుంది. అందుకని డబ్బాకి మూత పెట్టి బల్ల మీద ఉంచాను.

ఆ మర్నాటినుంచి నేను కిందే కూర్చున్నాను. కంప్యూటరు బల్ల మీదికి తెచ్చాం. పెచ్చులూ సొట్టలూ చప్పుళ్ళూ అక్కవి, మరకలూ రంగులూ నావి. స్టూడియో ఆయనకి విషయం చెప్పి, టచింగ్ మానకపోతే కెమెరా వేలంలో పెడతానన్నాను. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయి, నా చెయ్యి బాగుపడలేదన్నమాట అన్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు. వాపసు పంపినవాళ్ళకి ఏం రాయాలో మాత్రం అక్కా నేనూ గట్టిగానే వాదించుకున్నాం. కళ్ళ సంగతి రాయనివ్వనంది. చివరికి 'పరీక్షించడంలో పొరపాటు మాది, పద్ధతి సరిచేసుకున్నాం' అని రాశాం. మొదట్లో చేర్చిన ఆ కసి వాక్యం తీసేశాను. తీసేస్తున్నానని చదివి మరీ తీసేశాను.

పాటలు మెల్లగా మళ్ళీ పెరిగాయి. మునుపటంత కాదు. చెక్క పళ్ళెం ఆయన జవాబు రాయనేలేదు.

వానాకాలం వెళ్ళిపోతున్న రోజుల్లో ఒక సాయంత్రం, చేతిలో వస్తువులన్నీ అయిపోయాయి. తలుపులోంచి పల్చటి ఎండ బల్ల దాకా వచ్చింది. అక్క ఆ ఎండలో చేతులు పెట్టుకుని కూర్చుంది. నేను కంప్యూటరు మూయబోతే, ఆగు, ఇంకోటుంది, రాసుకో అంది.

"ఏం వస్తువు?"

"నువ్వు. వానలకి ముందు చూశాను నిన్ను, అదీ మసగ్గా. ఇప్పుడెలా ఉన్నావో చెప్పు." కొంచెం ఆగి, అలవాటు చొప్పున, "ముందు లోపాలు," అంది.

నవ్వొచ్చింది. సరే అని మొదలుపెట్టాను, నిజంగానే టైపు చేస్తూ. ఎడమ కాలు సన్నబడింది, నిలబెడితే ఒక పక్కకి ఒరుగుతుంది. జుట్టు నుదుటి దగ్గర పల్చబడింది. పక్క పన్ను ఒకటి లేదు.

"అది తెలుసు, పాతదే. తర్వాత?"

"గడ్డం పెరిగింది."

ఎండలో చేతులు కదిలాయి. "గడ్డమా? ఎప్పట్నుంచి?"

"మొదటి వాన నుంచీ."

అక్క ఎండలోంచి చేతులు వెనక్కి తీసుకుంది. ఆ వానాకాలమంతా రోజుకి రెండుసార్లు ఆ మొహం ముందు పళ్ళెం పెట్టింది కదా, దాన్నే తల్చుకుంటోందనుకుంటాను. "నల్లదా, తెల్లదా?" అంది చివరికి.

"చుబుకం దగ్గర తెల్లది. చెంపల మీద రెండూ కలిసి."

"బాగుంటుందా?"

"బాగుండదు. మాసినట్టుంటుంది."

"సన్నాసుల్లో కలిసిపోయావన్నమాట," అంది. నేను సిద్ధం చేసుకున్న జవాబు అప్పటికి మర్చిపోయాను. "ఇంకా?"

ఇంకా ఏముందని ఆలోచించాను. "పైన ఒక్కణ్ణే కూర్చుని కూర్చుని నాకు భయమేసిందక్కా," అన్నాను.

"అది కళ్ళకి కనపడే లోపం కాదు," అంది. "అయినా రాయి."

రాశాను. ఇంక కొలతలూ బరువూ అడుగుతుందేమోనని చూశాను, అడగలేదు. మొత్తం చదివి వినిపించమంది. కాలు, జుట్టు, పన్ను, గడ్డం, భయం, వరసగా చదివాను. ఆఖర్న నా వేళ్ళు వాటంతటవే టైపు చేసిన వాక్యం ఉంది, అది కూడా చదివేశాను. నచ్చకపోతే వాపసు తీసుకుంటాం.

"అది కొట్టెయ్," అంది అక్క. బల్ల మీద తడుముకుంటూ చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. "ఈ ఒక్కదానికి వాపసు లేదని రాయి. ఇది నేను ఉంచుకుంటున్నాను."

కుడిచెయ్యి ఆవిడ పట్టుకునే ఉంది. ఎడంచేత్తో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను.